నీరు నడచు త్రోవన నిధులు నడచునా?

తెగని బేరమునకు, తరగని వ్యాజ్యమునకు, ఎంత లాగినను కొస దొరకని వ్యవహారమునకు మన పెద్దలు "కొల్లేటి చేంతాడు" అని పేరు పెట్టిరి. ఆ కొల్లేరు మన హనుమాన్ జంక్షన్‌కు తూర్పున, బస్సెక్కిన గంటసేపటి దూరములో నున్నది. దానిని బాగుచేయుదుమని కమిటీలు వేయుట, నివేదికలు వ్రాయుట, నిధులు ప్రకటించుట, పిమ్మట కోర్టుల కెక్కుట అరువది ఏండ్లుగా జరుగుచునే యున్నవి. సామెత తిరిగి తన పుట్టింటికే చేరినదనుకొనవలెను.

పత్రిక సంపాదకవర్గమువారు ఈ యేడు మమ్మొక సాహిత్య వ్యాసము నడిగిరి. తెలుగు పాఠము చెప్పువారికి మురుగుకాలువల లెక్కలతో పనియేమని కొందరు నవ్వవచ్చును. దండి దశకుమారచరిత్రలో ఆంధ్రనగరి చెంతనున్న మహాసరస్సు కొల్లేరేయని పండితులు చెప్పుదురు. అక్కినేని కుటుంబరావు గారి "కొల్లేటి జాడలు" నవలను మన గ్రంథాలయములో విద్యార్థులు చదువుచునే యున్నారు. సరస్సును గురించి చదువుట తెలుగు విద్యార్థికి తగినదైనప్పుడు, ఆ సరస్సు పేర ఖర్చగు ధనమెటు పోవుచున్నదో ఆలోచించుట తగనిదెట్లగును?

మన ఊరు నిలిచిన చోటును గమనింపుడు. రహదారి మీద నిలిచి ఉత్తరముగా చూచిన నూజివీడు మెట్ట, బంగినపల్లి, రసాల తోటలు. దక్షిణముగా చూచిన గుడివాడ త్రోవ, వరిచేలు, చేపల చెరువులు, తూర్పున కొల్లేటి లంకలు. మన తరగతిగదిలో ఒకే బల్లపై, మామిడితోట కౌలుకు పట్టిన ఇంటి బిడ్డయు, నందివాడ వైపున చేపల పట్టుబడికి పోవు ఇంటి బిడ్డయు కూర్చుందురు. ఒకరికి వేసవిలో బోరెండును. మరియొకరికి వానకాలములో ఇల్లు మునుగును. ఈ రెండును ఒకే నీటి కష్టములు. కాని సర్కారు దస్త్రములలో ఇవి వేరువేరు శాఖలలో, వేరువేరు పద్దులలో నున్నవి. కొల్లేటికై ఇచ్చిన సొమ్ము కొల్లేటిని బాగుచేయలేకపోవుటకు ముఖ్యకారణమిదియేయని మా అభిప్రాయము.

నీరు నడచు త్రోవను ముందు చూతము. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ప్రకృతి యేర్పరచిన పల్లము. ఉత్తరపు మెట్టల నుండి బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు, గుండేరు దిగివచ్చి దానిలో కలియును. ఇవిగాక రెండు డెల్టాల వరిచేల మురుగుకాలువలు పదుల సంఖ్యలో వచ్చిపడును. వెలుపలికి పోవుటకున్న త్రోవ ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరిగి బంగాళాఖాతమును చేరును. వరద వచ్చినపుడు కొల్లేరు నీటిని పట్టి, మెల్లమెల్లగా ఉప్పుటేటికి విడుచును. వేసవిలో ఉప్పుటేటి గుండ సముద్రపు టుప్పు ఎగదన్నకుండ తన తియ్యనినీటితో అడ్డుకొనును. మనుజుడు కట్టని జలాశయము, మనుజుడు జీతమియ్యని లాకు కాపరి.

బుడమేటి ప్రయాణము మరియు చిత్రమైనది. మైలవరము వైపు కొండలలో పుట్టి వెలగలేరు రెగ్యులేటరు దాటి, విజయవాడ అంచున సాగి, ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ యడుగున సొరంగములో దూరి కొల్లేటికి వచ్చును. వెలగలేరు నుండి కొంత నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోనికి పంపు ఏర్పాటు కలదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కుండపోత వానలు కురిసినపుడు ఆ ఏర్పాటు ఎంత బలహీనమో లోకమునకు తెలిసినది. కృష్ణ తానే ప్రకాశం బ్యారేజీ వద్ద 11.4 లక్షల క్యూసెక్కులతో పొంగుచుండగా బుడమేటి నీరు అందులో చేరుటెట్లు? గట్లు తెగెను. విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమున లక్షలాది ప్రజలు దినముల తరబడి నీటిలో చిక్కిరి. తెగిన గట్లను పూడ్చుటకు సైన్యము రావలసివచ్చెను. పిమ్మట ఆ నీరు క్రిందికి దిగి నందివాడ మండలమును, కొల్లేటి గ్రామములను ముంచెను. నగరము మునిగిన వార్త దేశమంతయు విన్నది. కొల్లేటి లంకలు మునిగిన వార్త జిల్లా అనుబంధములో వచ్చినది.

ఇక నిధులు నడచు త్రోవ. 1964 వరదల పిమ్మట ఏ. సి. మిత్ర గారి అధ్యక్షతన ఒక కమిటీ ఈ రెండు డెల్టాల మురుగునీటి సమస్యను పరిశీలించెను. 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంత డ్రైనేజీ సెస్సు చట్టము వచ్చినది. అనగా మురుగుకాలువల బాగుకై డెల్టా రైతు తన చేతిసొమ్ము చెల్లింపవలెనన్నమాట. నిధి ప్రభుత్వ ప్రసాదమని భావించువారు ఈ సంగతి మరువరాదు. తరువాత అదే కొల్లేటి నడుమ చేపల చెరువులను త్రవ్వించినదియు ప్రభుత్వమే. 1970ల నడుమ మత్స్యకారులను, భూమిలేని పేదలను సహకార సంఘములుగా చేర్చి, చెరువులు త్రవ్వించి, అప్పులిప్పించిరి. ఉద్దేశము మంచిది. కాని చేపకు ధర పలికినకొలది పేదల సంఘము కాగితము మీద మిగిలి, చెరువు కౌలుదారుని చేతిలోనికి పోయెను. గట్టు వెంట గట్టు లేచి కొల్లేరు గదులు గదులుగా విడిపోయెను. నీరు నడచు త్రోవ మూసికొనిపోయెను.

1999లో సముద్రమట్టమునకు 5 అడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద కొల్లేటిని అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలగా గుర్తించిరి. కాస్పియన్ సముద్రపు టొడ్డున ఇరాన్ దేశపు రామ్‌సర్ పట్టణమున 1971లో కుదిరిన ఒడంబడిక యది. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో చేపల చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టిరి. నలువది వేల ఎకరములకు పైబడిన చెరువులు నేలమట్టమయ్యెను.

ఈ చివరి ఘట్టమునొద్ద మేము కొంత నిలువదలచితిమి. గట్లు తెగగొట్టుట చట్టప్రకారము సరియే, సరస్సు మేలునకును సరియే. కాని తెగగొట్టుటకు చూపిన వేగము, తరువాతి పనులలో కానరాలేదు. పెద్ద కౌలుదారు తన పెట్టుబడిని తీసికొని కలిదిండి, ముదినేపల్లి, మండవల్లి వైపు వరిచేలను చెరువులుగా మార్చుకొనెను. వడ్డి కులపు మత్స్యకారుడెచటికి పోవలెను? అతని తాతలకు దోనె, వల, మావులు ఉండెడివి. నడుమ ఒక తరము ప్రభుత్వమే వానిని మాన్పించి చెరువు కాపలాదారుని చేసినది. ఆ తరువాత చెరువును తీసివేసినది. పాత చేపలైన కొర్రమేను, మట్టగిడసలు మురుగునీటిలో మునుపటివలె పెరుగవాయెను. వలసపోయిన కుటుంబము లెన్నియో.

అభయారణ్యపు హద్దులోపల సుమారు 15,000 ఎకరముల జిరాయితీ భూమి కలదు. ఈ "జిరాయితీ" అను మాటను మన ఉర్దూ విభాగమువారు "జిరాఅత్" అని పలికి సేద్యమని అర్థము చెప్పుదురు. మాటకు సేద్యమని అర్థము, చేతిలో పట్టా, భూమిలో మాత్రము సేద్యమునకు వీలులేదు. ఈ భూమిని కొనుటయో, పరిహారమిచ్చుటయో, మరియొక న్యాయమైన మార్గము చూపుటయో జరుగవలసియుండెను. దానికి బదులు 2008లో శాసనసభ హద్దును 5వ కాంటూరు నుండి 3వ కాంటూరునకు తగ్గించుమని తీర్మానము చేసినది. కేంద్రము నియమించిన ఆజీజ్ కమిటీ తగ్గింపు తగదని చెప్పినది. హద్దు తగ్గించిన ఖర్చు లేదు, పరిహారమిచ్చిన ఖర్చు కలదు. సులభమైనదానిని శాసనసభ కోరినది. ఈ జగడము ఎన్నికకొకమారు లేచుచునే యున్నది. లంక గ్రామముల పేదవానికి హద్దు మీది కోపము నిజముగా సరస్సు మీది కోపము కాదనియు, తన నష్టమునకు ఎవరును బాధ్యత వహింపలేదను కోపమనియు మేము నమ్ముచున్నాము.

చిత్తడి నేలల రక్షణకు కేంద్రపు పథకములు లేకపోలేదు. 2013లో సరస్సుల పథకమును, చిత్తడి నేలల పథకమును కలిపి జలావరణ వ్యవస్థల పరిరక్షణకు జాతీయ ప్రణాళిక ఏర్పరచిరి. మన వంటి రాష్ట్రములకు కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించు ఏర్పాటది. రాష్ట్రము తన వాటా పెట్టనిచో కేంద్రపు వాటాయు కదలదు. 2023-24 కేంద్ర బడ్జెట్టులో "అమృత్ ధరోహర్" అను పేరుతో రామ్‌సర్ సరస్సులకు మరియొక పథకము వచ్చినది. పేర్లకు కొదువ లేదు. అయితే ఈ సొమ్ము సరస్సు గట్టున దిగును. హద్దురాళ్లు, గుర్రపుడెక్క తొలగింపు, పక్షుల వీక్షణకు గోపురములు. ఆటపాకలో పెలికాన్లను చూచుటకు మన విద్యార్థులను తీసికొనిపోదుము, అది మంచిదే. కాని పెలికాను తిను చేప, చేప మ్రింగు నీరు ఆటపాకలో పుట్టునవి కావు.

2017 నాటి చిత్తడి నేలల నియమములనే చూడుడు. సేద్యమునకై మనుజులు కట్టిన చెరువులు, వరిచేలు ఆ నియమములలోనికి రావు. కావున నూజివీడు మెట్టలోని చెరువు చట్టము దృష్టిలో చిత్తడి నేల కాదు. అది చిన్ననీటి పారుదలవారిది లేక పంచాయతీది. ఆ చెరువు అలుగు పారి కలియు రామిలేరు మరియొక విభాగమువారిది. సరస్సు అటవీశాఖది. చేప మత్స్యశాఖది. విజయవాడ, గుడివాడ, ఏలూరు పట్టణముల మురుగు పురపాలకులది. ఉప్పుటేరు డ్రైనేజీవారిది. నీటిబొట్టు తోటలో బయలుదేరి సముద్రము చేరులోపల ఆరు కచేరీల గుమ్మములు దాటవలెను. ఏ కచేరీకిని తన తరువాతి గుమ్మముతో లెక్క లేదు. పైన చెరువు పూడిన నష్టము పైవాని పద్దులో కనబడదు, క్రింది ఊరి వరద సహాయము పద్దులో కనబడును.

మెట్ట చెరువుల సంగతియే మాకు ముఖ్యముగా తోచుచున్నది. జమీందారీ కాలమున కట్టిన చెరువులు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు ప్రాంతములలో నేటికిని కలవు. మద్రాసు రాజధానిలో "కుడిమరామత్తు" అను ఆచారముండెడిది. ఊరివారందరును ఏటేట వంతులవారీగా పూడిక తీసి, గట్టున మన్నుపోసి, తూము సరిచేసికొనెడివారు. ఉర్దూ తెలిసినవారికి "మరమ్మత్తు"ను విప్పి చెప్పనక్కరలేదు. ఆ ఆచారము సడలుట చూచి ఆంగ్లప్రభుత్వము 1858లో నిర్బంధ శ్రమ చట్టమునే చేసినది. కుడిమరామత్తును మేము పొగడుటలేదు. అందులో మోసిన తట్టలన్నియు పేదల తలలపైనివే. కాని ఆ ఏర్పాటులో ఒక్క మేలుండెను. చెరువు ఎవరిదను ప్రశ్నకు ఊరిలో జవాబుండెడిది.

అరక సాగిన మెట్టచేలు మామిడితోటలైనవి. తోటకు చెరువునీరు సూటిగా అక్కరలేదు, బోరున్నచో చాలునను భావము ప్రబలినది. చెరువు పూడిననాడు బోరు లోతునకు పోవునని పిమ్మట తెలిసినది. నాగార్జునసాగరు ఎడమకాలువ చివరి భూములకు నీరందుట ఏనాడును నమ్మకము లేని విషయమే. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రిందను, 2015 ప్రాంతపు "నీరు-చెట్టు" క్రిందను పూడికతీత జరిగినది. కొన్నిచోట్ల మంచి పని జరిగినది. కొన్నిచోట్ల గట్టుమీది మన్ను లారీలలో ఇండ్లస్థలముల మెరకలకు పోయినది. 15వ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వరకు గ్రామపంచాయతీల కిచ్చిన నిధులలో 60 శాతము మంచినీరు, పారిశుధ్యములకే ఖర్చుపెట్టవలెనని నిబంధన చేసినది. వాననీటిని నిలుపు పనియు అందులో చేరును. ఎన్ని ఊళ్లలో ఆ పద్దు క్రింద ఒక వాగు త్రోవ బాగుపడెనో గ్రామసభలో అడిగినవారు అరుదు.

పై చెరువులు నిండిన బోర్లు నిలుచును. అవి వాననీటిని కొంతసేపైన పట్టిన రామిలేటి, బుడమేటి ఉధృతి తగ్గును. 2024 వంటి మహావరదను చెరువు లాపునని మేము చెప్పము. ఏటేటవచ్చు చిన్న వరదలను, వాటితో దిగు మేటమన్నును మాత్రము ఆపగలవు. ఆ మన్నే కొల్లేటి గర్భమును పూడ్చుచున్నది. కావున "కొల్లేటి బాగునకు నూజివీడు రైతేల ఖర్చుపెట్టవలె?" నను ప్రశ్న తలక్రిందులైనది. కొల్లేటి పేర వచ్చు సొమ్ములో కొంత నూజివీడు చెరువునకు ముందు రావలెను. తన చెరువు నిండుటయే అతడు కొల్లేటికి చేయు సాయము.

ఇది ఊహలోని మాట కాదు. మన పొరుగున ఒడిశాలోని చిలికా సరస్సు 1993లో ప్రమాదస్థితి జాబితా కెక్కెను. అప్పటికే 1991లో దానికై ఒక్క ప్రాధికార సంస్థ యేర్పడియుండెను. ఆర్థికసంఘముల ప్రత్యేక గ్రాంటులు ఆ సంస్థ చేతికి వచ్చెను. అది సరస్సులోనే కూర్చుండక ఎగువ పరీవాహక గ్రామములలో మన్ను కోత నాపు పనులు చేయించినది. 2000 సెప్టెంబరులో సముద్రమునకు కొత్త ముఖద్వారము తెరచినది. ఉప్పు, తీపుల పాలు సరిపడెను, చేప తిరిగివచ్చెను. 2002లో చిలికా ప్రమాద జాబితా నుండి తొలగెను. అదే 2002లో మన కొల్లేరు రామ్‌సర్ జాబితా కెక్కెను. వారు రోగము నుండి లేచిన సంవత్సరమున మనము ఆసుపత్రి చీటీ వ్రాయించుకొంటిమి, మందింకను వేయలేదు. చిలికా ఉప్పుకయ్య, కొల్లేరు మంచినీటి సరస్సు. చికిత్స అదియే కాకపోవచ్చును. వైద్యుడొక్కడై యుండుట మాత్రము మనకును కావలెను.

దీనికి మరియొక ప్రక్క ఇరాకు దేశపు కథ యున్నది. యూఫ్రటీసు, టైగ్రిసు నదులు కలియు దక్షిణ ప్రాంతపు జల్లుగడ్డి భూములను 1990లలో నాటి ప్రభుత్వము ఎండగట్టెను. అచటి పల్లెజనులు చెల్లాచెదరైరి. 2003లో ప్రభుత్వము పడిపోగానే ప్రజలే గట్లను తెగగొట్టి నీటిని తిరిగి తెచ్చుకొనిరి. 2016లో యునెస్కో ఆ ప్రదేశమును ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. అయినను ఎగువదేశముల ఆనకట్టలు నీటిని పట్టివేయుటచే కరవు వచ్చిన యేడెల్ల ఆ భూములు నెఱ్ఱెలు విచ్చుచున్నవి. బిరుదు వచ్చినది, గట్లు పోయినవి, ప్రజలు సిద్ధముగా నున్నారు. ఎగువ నుండి నీరు లేదు. 2006లో గట్లు కొట్టివేసిన మనకు దీనికన్న దగ్గర పోలిక మరియొకటి దొరకదు.

మా కోరిక ఇది. మెట్ట చెరువు మొదలు ఉప్పుటేటి ముఖము వరకు ఒక్క సంస్థ, ఒక్క పద్దు ఉండవలెను. 2022లో జిల్లాలు మారిన పిమ్మట నూజివీడు ఏలూరు జిల్లాలోను, మన బాపులపాడు మండలము కృష్ణాజిల్లాలోను పడినవి. నీటికి జిల్లా హద్దు తెలియదు. కావున ఆ సంస్థ ఏ ఒక్క కలెక్టరు క్రిందను ఉండుట పొసగదు. దాని తొలి ఖర్చు జిరాయితీ రైతుకును, చెరువు కోల్పోయిన మత్స్యకారునికిని న్యాయము చేయుటకు కావలెను. వారు శత్రువులై యున్నంతకాలము ఏ హద్దురాయియు నిలువదు. ఉప్పుటేటిపై రెగ్యులేటర్లు కట్టవలెనను మాట ఎన్నో ప్రభుత్వములు చెప్పినవి. వాటిని కట్టుట అవసరమే. కాని పట్టణముల మురుగును శుద్ధిచేయకుండ ఉప్పుటేటికి తలుపులు బిగించిన, కొల్లేటిలో మురుగునే నిలువచేసికొందుము. ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించుటకే ఒక్క సంస్థ కావలసియున్నది.

ధనమెక్కడిదని కొందరందురు. ఆరు కచేరీలలో ముక్కముక్కలుగా వ్యయమగుచున్నదియు, వరద వచ్చినపుడెల్ల సహాయముగా పంచునదియు ధనము కాదా? 2024లో వారము దినములలో వెచ్చించిన సొమ్మును తలచికొన్నచో ఈ ప్రశ్న అడుగుటకు నోరు రాదు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. 1997 నాటి చట్టము క్రింద చెరువులకు నీటివినియోగదారుల సంఘము లున్నవి. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగినవి. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు జమాఖర్చులు చదువగలరు. ఉర్దూ విద్యార్థులలో పాత రెవెన్యూ దస్త్రముల పరిభాష నెరిగినవారు కలరు. రానున్న వేసవి సెలవులలో బాపులపాడు, ఆగిరిపల్లి మండలములలో రామిలేటి త్రోవనున్న చెరువు లెన్ని, వాటిలో అలుగు పారునవెన్ని, పదేండ్లలో ఏ పద్దు నుండి ఎంత వచ్చి ఏమి పని జరిగెనో సమాచారహక్కు దరఖాస్తులతో సేకరింపవచ్చును. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు. తెల్లకార్డుగల ఇంటివారికి అదియు లేదు. సేకరించిన పట్టికను వచ్చే యేటి సంచికలో ఈ వ్యాసమున్న పుటలలోనే ముద్రింపుడు. మా సాహిత్యవ్యాసము మరుసటి యేడు వరకు ఆగగలదు.